రాయికి పీట

దుక్కి దున్నేటప్పుడు రాయి తగిలితే తిట్టుకుంటూ గట్టు మీదకి విసిరేస్తాం కదా. జపాన్‌లో ఏటి ఒడ్డున రాయి నచ్చితే ఇంటికి తెచ్చి పీటేసి కూర్చోబెడతారు. దాన్ని సుయిసెకి అంటారు. చేతుల్లో పట్టేంత రాయే, కానీ చూస్తే కొండలాగో జలపాతంలాగో అనిపించాలి. రాయిని ముట్టుకోకూడదన్నది పాత పద్ధతి. చెక్కేది చెక్కనే. రాయి అడుగున ఎన్ని ఎగుడుదిగుళ్ళున్నా అన్నీ కుదురుగా దిగేలా పీటని తొలుస్తారు. ఆ పీట పేరు దాయిజా.

ఈ ముచ్చట అసలు చైనాది. అక్కడ ఒకప్పుడు ఇది రైతుల ప్రాణం మీదకి తెచ్చింది. హుయిజోంగ్ చక్రవర్తి మంచి చిత్రకారుడే, ఎవరూ కాదనరు. కానీ తన తోట కోసం దక్షిణాది నుంచి పెద్ద పెద్ద రాళ్ళు తెప్పించాడు. ధాన్యం మోయాల్సిన పడవలకి రాళ్ళెత్తారు. అడ్డమొచ్చిన వంతెనలు కూల్చారు. ఊళ్ళ మీద వెట్టి పడింది. 1120లో ఫాంగ్ లా అనే అతను జనాన్ని కూడగట్టి తిరగబడ్డాడు. తిరుగుబాటునైతే అణిచారు గానీ, 1127లో ఉత్తరాది జుర్చెన్ల చేతికి రాజధాని కైఫెంగ్ పోయింది, చక్రవర్తీ చిక్కాడు. ముట్టడిలో ఆ తోటరాళ్ళనే పగలగొట్టి శత్రువు మీదకి విసిరారట!

సుయిసెకి మాత్రం చిన్నరాళ్ళ ముచ్చటే. 14వ శతాబ్దంలో జపాన్ చక్రవర్తి గో-దయిగో, రాజధాని విడిచిపోతూ ఒక రాయిని వెంట పెట్టుకెళ్ళాడని చెప్పుకుంటారు. ఆ రాయి ఇప్పుడు నగోయాలో తోకుగావా మ్యూజియంలో ఉంది. దాన్ని మోయడానికి పడవా అక్కర్లేదు, వెట్టివాడూ అక్కర్లేదు.