సెలైన్ సీసా, రెండు ఆఫీసులు

2009 చివర్లో మేవెదర్, పాకియావ్‌ల ఫైట్ ఆగిపోయింది డబ్బు దగ్గర కాదు, రక్తం దగ్గర. ఫైట్‌కి ఎన్ని రోజుల ముందు వరకు రక్తం తీయొచ్చన్నదే పేచీ. పాకియావ్ 24 రోజులన్నాడు. మేవెదర్ 14కి దిగి, ఇక దిగనన్నాడు. తనమీద పడిన డోపింగ్ మాటలకి పాకియావ్ పరువునష్టం దావా వేశాడు, 2012లో రాజీ కుదిరింది. అతను ఏ పరీక్షలోనూ దొరికింది లేదు.

ఆ ఖాళీలోకి షేన్ మోస్లీ వచ్చాడు. 2010 మే 1న ఇద్దరూ అమెరికా యాంటీ డోపింగ్ సంస్థ యూసాడాకి రక్తం ఇచ్చి మరీ రింగెక్కారు. తమాషా ఏంటంటే, 2003లో డి లా హోయా మీద గెలిచే ముందు బాల్కో ల్యాబ్ ఇచ్చిన సరుకు, ఈపీఓతో సహా, వాడానని గ్రాండ్ జ్యూరీ ముందు ఒప్పుకున్నది ఈ మోస్లీనే. అవేంటో తనకి తెలియదన్నాడు. ముగ్గురు జడ్జీలూ 115-113 రాసిన ఆ గెలుపు రికార్డుల్లో ఇప్పటికీ అలాగే ఉంది.

అందుకే మేవెదర్ పట్టుదల నాకు న్యాయంగానే అనిపించేది, 2015 దాకా.

ఆ ఏడాది మే 2న, మనకి ఆదివారం పొద్దున, ఎట్టకేలకు ఇద్దరూ తలపడ్డారు. ముందురోజు బరువు చూసుకున్నాక మేవెదర్ ఇంట్లో సెలైన్, విటమిన్లు కలిపి 750 మిల్లీలీటర్లు నరంలోకి ఎక్కించుకున్నాడు. అప్పటి నిబంధన ప్రకారం ఆరు గంటల్లో 50 దాటకూడదు. లోపలికి వెళ్లింది నిషిద్ధం కాదు, నీళ్లే. కానీ అన్ని నీళ్లు పడితే రక్తంలో, మూత్రంలో ఉన్నదేదైనా పలచబడుతుందని ఆ హద్దు. యూసాడాకి సంగతి తెలుసు. మినహాయింపు కాగితం మాత్రం ఫైట్ అయిన దాదాపు మూడు వారాలకి వచ్చింది. నెవాడా కమిషన్‌కి కబురందిందీ అప్పుడే. సెప్టెంబరులో థామస్ హౌసర్ రాస్తేగాని లోకానికి తెలియలేదు. తప్పేమీ జరగలేదని యూసాడా అంది.

అదే ఫైట్ రాత్రి భుజం నొప్పికి ఇంజెక్షన్ అడిగిన పాకియావ్‌ని నెవాడా కాదంది, తమకి ముందుగా చెప్పలేదని. యూసాడాకి చెప్పామని అతని మనుషులు మొత్తుకున్నారు. అంటే యూసాడాకి చెప్తే ఒకడికి సరిపోయింది, ఇంకొకడికి సరిపోలేదు. మా ఆఫీసులో ప్రొడక్షన్‌లో చేయిపెట్టి, మూడు వారాలయ్యాక అప్రూవల్ తెచ్చుకుంటానంటే నన్ను గేటు బయట నిలబెడతారు.

లైసెన్సూ శిక్షా రాష్ట్ర కమిషన్‌వి. పరీక్షలేమో బాక్సర్లూ ప్రమోటర్లూ కుదుర్చుకున్న ఒప్పందం. ఏది ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నది ఆ ఒప్పందంలో రాసుకున్నదాన్ని బట్టే. నా అనుమానమంతా మేవెదర్ రక్తం మీద కాదు, ఆ కాగితం మీద.

డాక్టర్ మార్గరెట్ గుడ్‌మన్ పెట్టిన ఇంకో పరీక్షల సంస్థ ఉంది, వాడా. ప్రపంచ సంస్థ పేరూ తెలుగులో రాస్తే వాడానే, మనకి వినపడేదేమో ‘వాడాడా?’ అని. 2018 ఫిబ్రవరిలో ఈ చిన్న వాడా పరీక్షల్లో కానెలో శాంపిల్స్‌లో క్లెన్‌బ్యుటరాల్ దొరికింది. మెక్సికోలో తిన్న మాంసం వల్ల అన్నాడు. ఫలితం నెవాడా కమిషన్‌కి ఫైట్‌కి ముందే చేరింది. ఆరు నెలల నిషేధం పడింది, మే 5న గొలోవ్‌కిన్‌తో జరగాల్సిన ఫైట్ సెప్టెంబరు 15కి జరిగింది.