రాత్రి బడి నుంచి బ్యాంకు దాకా



‘డ్వాక్రా’ అన్న మాట వినని తెలుగిల్లు ఈనాడు వుండదు. ‘ఇవాళ మా డ్వాక్రా మీటింగు వుందమ్మా, గిన్నెలు రేపు తోముతాను’ అని పనిమనిషి అంటే మనకు వింతగా తోచదు. నిజానికి ఆ మాట గ్రామాల్లోని స్త్రీలకూ పిల్లలకూ సాయంగా కేంద్ర ప్రభుత్వం 1982లో మొదలుపెట్టిన ఒక పథకం పేరుకు పొడి అక్షరాలు. 1999లో ఆ పథకం వేరే పథకంలో కలిసిపోయింది. పేరు మాత్రం మన నోళ్ళలో వుండిపోయింది.

అయితే ఒక్క ప్రభుత్వం కాగితం మీద రాసినంత మాత్రాన రెండు తెలుగు రాష్ట్రాల్లో కోటిమందికి పైగా ఆడవాళ్ళు సంఘాలు కట్టి కూర్చుంటారంటారా? నేను నమ్మను. ఈ సంఘాలు ఇంత లోతుగా పాతుకోవడానికి ముందు మరో సంగతి జరిగింది. అది మొదలైంది బ్యాంకులో కాదు, ఆఫీసులోనూ కాదు, నెల్లూరు జిల్లా పల్లెల్లో, రాత్రి బడిలో.

కేరళలో ఎర్నాకుళం జిల్లాను 1990 ఫిబ్రవరిలో సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటించారు. దాన్ని చూసి దేశంలో చాలా జిల్లాలు ఆ బాట పట్టాయి. నెల్లూరు జిల్లాలో 1991లో ఉద్యమం మొదలైంది. ఊరూరా కళాజాతాలు తిరిగాయి, పాటలు పాడారు, నాటికలు వేశారు. చదువుకున్న కుర్రవాళ్ళూ ఆడపిల్లలూ జీతం భత్యం లేకుండా చదువు చెప్పడానికి ముందుకొచ్చారు. పగలంతా కూలికి పోయి, వచ్చి, వంట చేసి, పిల్లలను పడుకోబెట్టి, అప్పుడు పలక పట్టుకు వచ్చేవారు ఆడవాళ్ళు. మగవాళ్ళు తక్కువే వచ్చారు. ఎందుకు రాలేదో మీకు చెప్పనక్కరలేదు, ఆ వేళకు వాళ్ళు సారా అంగడి దగ్గర వుండేవారు.

ఇక్కడొక మాట గమనించండి. మన పల్లెల్లో ఆడవాళ్ళు పదిమంది ఒకచోట చేరడం కొత్తేమీ కాదు. నూతి దగ్గర చేరతారు, నాట్లకు పోయి చేరతారు, పెళ్ళికీ చావుకీ చేరతారు. ఎప్పుడూ ఏదో పని మీదనే. పని లేకుండా, రోజూ ఒక వేళకు, దీపం వెలుగులో కూర్చుని తమ సంగతి తాము మాట్లాడుకోవడం మాత్రం ఆ రాత్రి బడితోనే వచ్చింది. అక్షరాలు ఎంతమందికి నిలిచాయో ఏమో గాని, ఆ కూర్చోవడం అలవాటైపోయింది. బడి ఇచ్చిన పెద్ద కానుక అదే అని నా అభిప్రాయం.

పాఠాలు కూడా ‘అల, వల’ అన్న తీరున రాయలేదు. ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం పెట్టారు. తాగుడు మూలంగా కూలిపోయిన ఒక ఇల్లాలి కథ అది. పాఠం అయ్యాక, ఇలా ఎందుకు జరిగింది, బాధ్యులెవరు అని చర్చ. పలకలు పక్కన పెట్టి ఆడవాళ్ళు మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరింట్లో చూసినా సీతమ్మే! అంతవరకూ ‘నా రాత ఇంతే’ అని ఎవరికి వారు కుమిలిన బాధ, పదిమందీ చెప్పుకునేసరికి ఊరి బాధ అని తేలింది.

కలిగిరి మండలంలో దూబగుంట అని ఒక పల్లె వుంది. వర్ధినేని రోశమ్మగారి పేరు మీరు వినే వుంటారు; 2016లో ఆమె కన్నుమూసినప్పుడు పత్రికలన్నీ రాశాయి. ఆమె ఊరే అది. అక్కడి ఆడవాళ్ళు తమ ఊళ్ళోకి మద్యం రాకుండా ఆపారు. తరవాత అదే ఒక పాఠమైంది, ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అని. ఆ పాఠం ప్రకారం నూరుమంది దాకా ఆడవాళ్ళు ఊరి వెలుపలికి వెళ్ళి మొదట కల్లు బండికి అడ్డం నిలిచారు. కల్లు పారబోయమన్నారు. నీకు నష్టం వస్తుందంటే మేం తలా ఒక రూపాయి ఇస్తాం అన్నారు. అతను బెదిరిపోయాడు. తరవాత సారా జీపు వస్తే చుట్టుముట్టారు, కలెక్టరుగారికి ఫిర్యాదు చేస్తామన్నారు. ఆ యేడు ఆ ఊళ్ళో సారా అంగడి తెరుచుకోలేదు.

ఆ ‘తలా ఒక రూపాయి’ దగ్గర ఒక్క క్షణం ఆగండి. కోపంగా వచ్చిన నూరుమంది ఆడవాళ్ళు, కల్లు పారబోయించే ఆ తొందరలో కూడా ఎదుటివాడి నష్టం లెక్క కట్టారు. ఇల్లు నడిపిన చేతులు కదండీ!

పాఠం జిల్లా అంతా పాకింది. ఇతర ఊళ్ళవాళ్ళు, దూబగుంట వాళ్ళు చేయగా లేనిది మనమెందుకు చేయలేమన్నారు. చీపుర్లూ కారప్పొడీ పట్టుకుని సారా అంగళ్ళ ముందు కాపలా కూర్చున్నారు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ కథ మీకు తెలిసినదే.

చట్టం పోయినా పోనిది ఒకటి వుంది. సారా ఆగిన ఇళ్ళలో కాస్త డబ్బు మిగిలింది. దాన్ని ఏం చేద్దాం అనే ప్రశ్న వచ్చింది. రోజుకు ఒక రూపాయి చొప్పున సంఘంలో దాచుకుందాం అన్నారు. నెల్లూరులో దానికి ‘పొదుపులక్ష్మి’ అని పేరు. నెలకు ముప్ఫై రూపాయలు. పెద్ద మొత్తమేం కాదు. పదిహేనుమందిదీ కలిస్తే నాలుగువందల యాభై అవుతుంది. పిల్లవాడికి జ్వరమొస్తే వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా ఆ నాలుగువందల యాభైలోంచి తెచ్చుకోవచ్చు.

ఈ సంఘం పద్ధతి ఏమిటో వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే అసలు బలం అందులోనే వుంది. పది నుంచి పదిహేనుమంది, ఒకరినొకరు ఎరిగున్నవాళ్ళే చేరతారు. సమావేశం తప్పకూడదు. పొదుపు తప్పకూడదు. దాచిన సొమ్ము పెట్టెలో మూలగకూడదు, సభ్యులకే అప్పుగా తిరగాలి. తీసుకున్న అప్పు గడువుకు కట్టాలి. అన్నీ పుస్తకంలో రాయాలి. వీటికి పంచసూత్రాలని పేరు పెట్టారు. డబ్బు అందరి ముందూ లెక్కపెడతారు, ఎవరికి ముందు అవసరమో అందరి ముందూ తేలుస్తారు. కూతురి కాన్పుకా, గేదెకా, కొడుకు ఫీజుకా? ఇంట్లో ఒంటరిగా తేల్చుకోలేని సంగతులు అక్కడ తేలతాయి. రాత్రి బడిలో సీతమ్మ గురించి జరిగిన చర్చకూ దీనికీ పెద్ద తేడా ఏమిటి? పలక స్థానంలో లెక్కల పుస్తకం వచ్చింది, అంతే.

1992లోనే నాబార్డు దేశం మొత్తం మీద అయిదువందల సంఘాలకు బ్యాంకు అప్పులిప్పించే ప్రయోగం మొదలుపెట్టింది. పొలం పట్టా లేదు, నగ లేదు, హామీ ఏమిటయ్యా అంటే సంఘం పుస్తకమే హామీ. 2000 తర్వాత మన రాష్ట్రంలో వెలుగు పథకం కింద సంఘాలన్నీ కలిసి గ్రామ సమాఖ్య, అవి కలిసి మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య అయ్యాయి. ఊళ్ళో ధాన్యం కొనే ఐకేపీ కేంద్రం కాటా దగ్గర నిలబడి తూకం రాసుకునేది ఈ ఆడవాళ్ళే. కొన్ని ఊళ్ళలో గర్భిణులకూ బాలింతలకూ రోజూ వండిపెట్టే పోషకాహార కేంద్రాలు గ్రామ సమాఖ్యలు నడిపాయి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే కోడలు, అక్కడ మాత్రం తన పళ్ళెం ముందు కూర్చునేది. 2020లో కరోనా వచ్చినప్పుడు కోట్లకొద్దీ మాస్కులు కుట్టాలంటే ప్రభుత్వానికి గుర్తుకొచ్చినవి ఈ సంఘాలే.

అంతా బంగారమేనా అంటే కాదు. పదిమంది ఒకరికొకరు పూచీ పడటం అనే పద్ధతిని సూక్ష్మ రుణ సంస్థలు కూడా పట్టుకున్నాయి. వారం వారం వసూలు. ఒకామె కట్టలేకపోతే తక్కినవాళ్ళు ఆమె గుమ్మం ముందు కూర్చోవాలి. కష్టం చెప్పుకున్న పొరుగామే అప్పులవాడి తరఫున నిలబడితే ఆ ఇల్లాలు ఎవరితో చెప్పుకుంటుంది? ఊళ్ళు విడిచిపోయినవాళ్ళున్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్ళకు కళ్ళెం వేయాల్సి వచ్చింది. ఆ అప్పుల్లో రెండు సంఘాల మధ్య తేడా పుస్తకంలో కనపడదు, తీర్మానం ఎవరు చేశారన్న దగ్గర కనపడుతుంది. సంఘం ఆడవాళ్ళు తమలో తాము తేల్చుకుని ఇచ్చుకున్న అప్పు వేరు, బయటివాడు వచ్చి గుంపు కట్టించి పంచిన అప్పు వేరు.

ఇంకో సంగతి కూడా అనక తప్పదు. మంత్రిగారి సభకు జనం కావాలంటే సంఘాలకే కబురొస్తుంది. రాకపోతే అప్పు రాదేమోనని భయం. సంతకం ఇల్లాలిది, సొమ్ము ఇంటాయన చేతిలోకి పోయే ఇళ్ళు లెక్కలేనన్ని. వీటిని చూసి సంఘాలన్నీ దండగ అనేవాళ్ళున్నారు. వాళ్ళు ఒక్కసారి వడ్డీ వ్యాపారి వాకిట్లో నిలబడి చూడాలి.

2011లో కేంద్రం ఈ పద్ధతిని జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ పేరుతో దేశమంతటికీ తీసుకుపోయింది. అప్పుడు బీహారు వంటి రాష్ట్రాల్లో సంఘాలు కట్టడం నేర్పడానికి ఎవరు వెళ్ళారో తెలుసా? అధికారులతో పాటు మన తెలుగు పల్లెల ఆడవాళ్ళు, సంఘాల్లో అనుభవం పండినవాళ్ళు, జట్లు జట్లుగా వెళ్ళారు. హిందీ అంతంతమాత్రం. వారాల తరబడి ఆ ఊళ్ళలోనే వుండి, గడపగడపకూ తిరిగి, ముసుగులు కప్పుకున్న కోడళ్ళను చాప మీద గుండ్రంగా కూర్చోబెట్టి, తమ కథ చెప్పి, మొదటి పొదుపు లెక్కపెట్టించి వచ్చారు.