ఇరుకున పుట్టిన నిప్పు

అనంతపురము జిల్లాలోని ఉరవకొండ ప్రాంతము వానలు మొగము చాటుచేయు మెట్టసీమ. అక్కడి బావులపై తరతరములు ఎద్దులను కట్టి కపిల తోలిరి. పిదప ఆయిల్ ఇంజను వచ్చెను. పైరు వాడు దినములలో ఇంజను మొరాయించినచో ఆ యేటి తిండికే ముప్పు. ఆ ఇంజను ప్రాణము ఒక కొలతలో ఉన్నది.

ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో మద్రాసు రాజధానిలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ బావులపై ఆయిల్ ఇంజను పంపులను పరీక్షింపజేసెను. అనంతపురము జిల్లా అప్పుడు ఆ రాజధానిలోనిదే. ఆనాటి పెక్కు ఇంజన్లను నడుపుటకు ముందు వాని తలను దీపముతో కాచవలసి ఉండెడిది. ఆ దీపముతో పని లేకుండ జేసినది సంపీడనము, అనగా గాలిని ఇరుకున నొక్కుట. సైకిలుకు గాలి కొట్టునపుడు పంపు అడుగు వేడెక్కుట మీరెరిగినదే.

1876లో జర్మనీ దేశమున నికొలాస్ ఒట్టో ఇంధనము కలిసిన గాలిని ముందు నొక్కి, పిమ్మట వెలిగించు ఇంజనును నడిపెను. రుడాల్ఫ్ డీజెల్ మరియొక అడుగు వేసెను. గాలిని మాత్రమే గట్టిగా నొక్కినచో, అందు చిమ్మిన చమురు తనంత తానే మండునని ఆయన తలంపు. 1897లో ఆగ్స్‌బర్గున జరిగిన పరీక్షలో ఆయన ఇంజను ఇంధన శక్తిలో నాలుగవ వంతుకు మించి పనిగా మార్చెను. 1900 నాటి పారిసు ప్రదర్శనమున ఒక డీజెల్ ఇంజను వేరుశనగ నూనెతో నడచినది. వేరుశనగ పండించు మన సీమకు ఇది ముచ్చటైన సంగతి.

ఎంత నొక్కవలెను? పిస్టను అడుగున ఉన్నప్పటి మొత్తము చోటును, పైకి వచ్చినపుడు మిగిలిన చోటుతో భాగించిన వచ్చునదే సంపీడన నిష్పత్తి. సిలిండరు వ్యాసము 80, పిస్టను నడక 110 మిల్లీమీటర్లైన, పిస్టను తుడుచు చోటు 553 ఘన సెంటీమీటర్లు. పైన 36 మిగిలినచో నిష్పత్తి 16.4, 39 మిగిలినచో 15.2. చిన్న చెమ్చా నిండని తేడాకే ఇంజను చలి ఉదయమున మొండికెత్తవచ్చును.

పెట్రోలు ఇంజనులో తిప్పలు వేరు. నిష్పత్తి హద్దు మీరినచో ఇంధనము అదుపుతప్పి మండి, ఇంజను కొట్టుకొనును. 1919 తరువాత ఇంగ్లండులో హారీ రికార్డో నిష్పత్తిని మార్చుటకు వీలగు ప్రయోగ యంత్రముతో ఆ హద్దులను పరిశోధించెను. నిష్పత్తిని పెంచుటకు పిస్టను తలపై గుమ్మటము నిలుపుదురు. వంకరటింకర గుమ్మటమును బద్దతో కొలువలేము, ద్రవముతో కొలువవలెను.

గుమ్మటము సిలిండరు అంచునకు క్రిందగునట్లు పిస్టనును 10 మిల్లీమీటర్లు దింపి, సందులను గ్రీజుతో మూసి, రంధ్రము గల పలకను కప్పి, బ్యూరెట్టుతో పలుచని నూనె పోయుదురు. గుమ్మటము లేకున్నచో 50.3 ఘన సెంటీమీటర్లు పట్టవలెను. 42.3 మాత్రమే పట్టినచో తక్కిన 8 గుమ్మటము పరిమాణము. దానిని పై చోటునుండి తీసివేయవలెను. డీజెల్ పిస్టను తలవలె గుంట ఉన్నచో కలుపవలెను.

నీటిమట్టము దిగి, గొట్టపుబావులలో విద్యుత్తు మోటార్లు దిగిన పిదప బావిగట్టు ఇంజన్ల చప్పుడు సన్నగిల్లెను. ట్రాక్టరులో, లారీలో మాత్రము ఆ నిప్పు నేటికిని ఇరుకుననే పుట్టుచున్నది. ఆ ఇరుకును చుక్కలతో కొలిచినవాడే దానిని నమ్మగలడు.