సారస్వత పరిషత్తు: వార్షికోత్సవమే ఉద్యమమైన వేళ

సాహిత్య సంస్థల వజ్రోత్సవం, అమృతోత్సవం అనగానే మనకొక దృశ్యం కంటికి కట్టినట్లు కనబడుతుంది. జ్యోతి ప్రజ్వలనం, ప్రార్థన, శాలువాలు, జ్ఞాపికలు, ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్ళిపోయే ముఖ్య అతిథి, చివరికి మిగిలిన పదిపన్నెండు మంది ఎదుట కవిసమ్మేళనం. ఇవి చూసి చూసి, ఉత్సవమన్నది సంస్థ చేసే అసలు పనికి పైన తొడిగిన నగ వంటిదని మనలో చాలామంది అనుకుంటాము. హైదరాబాదులోని ఒక సంస్థ చరిత్ర చదివితే ఈ అభిప్రాయం నిలవదు. దాని తొలి దశాబ్దంలో వార్షికోత్సవమే అసలు పని. తక్కినవి దాని చుట్టూ అల్లుకున్నాయి.

1943 మే 26న హైదరాబాదు రెడ్డి హాస్టలులో ‘నిజాం రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు’ పుట్టింది. 2018తో దానికి డెబ్బై అయిదేళ్ళూ, 2023తో ఎనభై ఏళ్ళూ నిండాయి. పుట్టినప్పటి పేరులోని ‘నిజాం రాష్ట్ర’ తరువాత తొలగిపోయింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన పిమ్మట ‘ఆంధ్ర’ స్థానంలో ‘తెలంగాణ’ వచ్చింది. ఒకే సంస్థ, ఒకే జీవితం, మూడు పేర్లు. 1943లో ‘ఆంధ్ర’ అన్న మాటకు అక్కడివారి వాడుకలో భాష అని అర్థం. తరువాతి కాలంలో అది ప్రాంతమని స్థిరపడింది. ఈ తేడా తెలియక, పాత సంస్థల పేర్లను చూసి నేటి రాజకీయాన్ని వాటికి అంటగట్టేవారు ఇరుపక్షాలా ఉన్నారు. అది వేరే వ్యాసానికి సరిపడే సంగతి.

అసలు సాహిత్యసభకు అంతటి ప్రాముఖ్యం ఎందుకు వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి. నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. న్యాయస్థానంలో ఉర్దూ, కచేరీలో ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. తెలుగు మాతృభాషగా గల పిల్లవాడికి తన భాష ఇంట్లోనో, వీధి అరుగుమీదనో మాత్రమే దక్కేది. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది ఈ లోటు తీర్చడానికే. దానికి ప్రాణం పోసినవారిలో ముఖ్యులు కొమర్రాజు లక్ష్మణరావుగారు, ఆయన దివానుగా పనిచేసిన మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు. మునగాల పరగణా చుట్టూ నిజాం భూమి. పరగణా మాత్రం కృష్ణా జిల్లాలోది, మద్రాసు ప్రభుత్వం కిందిది. రెండు రాజ్యాల గాలీ తెలిసినవారి ఆలోచన అది. తరువాత 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వచ్చాయి.

ఇవన్నీ పుస్తకాలు ఇచ్చి పుచ్చుకొనే చోట్లు. బహిరంగ వేదికమీద తెలుగు మాట్లాడడం మరొక మెట్టు. దానికెంత వెల ఉండేదో 1921 నవంబరులో తెలిసింది. హైదరాబాదు వివేకవర్ధినీ రంగస్థలంలో కర్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కార సభ జరుగుతున్నది. అందరూ తమతమ భాషలలో మాట్లాడుతుండగా, అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో ప్రసంగం మొదలుపెట్టారు. సభలో ఈలలు, కేకలు, చప్పట్లు. మాట సాగనివ్వలేదు. అవమానపడిన తెలుగువారు ఆ రాత్రే ఒకచోట చేరి ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. అదే 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జోగిపేటలో ప్రథమాంధ్ర మహాసభగా పరిణమించింది. తెలంగాణ రాజకీయ చరిత్రకు మొదటి మలుపు ఒక ఉపన్యాసం పూర్తి కాకపోవడం! ఎన్నిసార్లు చదివినా నాకు ఇది విడ్డూరంగానే తోస్తుంది.

ఆపైన గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఒకటి ఉండేది. బహిరంగ సభ జరపాలంటే ప్రభుత్వపు ముందస్తు అనుమతి కావాలని దాని సారాంశం. జోగిపేట సభకు కూడా అనుమతి తెచ్చుకోక తప్పలేదు. ఇటువంటి రాజ్యంలో సంవత్సరానికొకసారి, ఒక ఊరిలో, పందిరి వేసి, నలుమూలలనుంచి జనాన్ని పిలిచి, మూడు పూటలు భోజనం పెట్టి, తెలుగులో పాడి, చదివి, వాదించే అవకాశం ‘వార్షికోత్సవం’ పేరున దొరికితే దాన్ని ఎవరు వదులుకుంటారు? సాహిత్యం అంటే ఏలికలకు భయం తక్కువ. పద్యం చదువుకుంటామంటే ఎవరికైనా ఏమి చెప్పి కాదనగలరు?

పరిషత్తు స్థాపన నాటికి ఆంధ్ర మహాసభలో మితవాదులూ అతివాదులూ వేర్వేరు దారులు పట్టే స్థితి వచ్చింది. మరుసటి ఏడు, 1944లో, భువనగిరి సభలో అది చీలిపోయింది. రాజకీయ వేదిక రెండు ముక్కలవుతున్న వేళనే సాహిత్యానికి ప్రత్యేకమైన వేదిక కావాలని మాడపాటి హనుమంతరావుగారు, బూర్గుల రామకృష్ణారావుగారు, ఆదిరాజు వీరభద్రరావుగారు, సురవరం వంటి పెద్దలు తలచారు. ప్రథమాధ్యక్షులు లోకనంది శంకరనారాయణరావుగారు. సాహిత్యం తప్ప మరొకటి పట్టించుకోరాదన్నది వారి నియమం. ఆ నియమాన్ని పిరికితనమని అప్పుడే కొందరు అన్నారేమో, అని ఉంటే అది నిలిచేమాట కాదు. ఆ నియమం వల్లనే బూర్గులవారూ కాళోజీ, దాశరథీ ఒకే పందిరి కింద కూర్చోగలిగారు. బయట వారి దారులు కలిసేవి కావు.

ఆ పందిరి ఒకసారి కాలిపోయింది.

పరిషత్తు తొలి సంవత్సరాలలోనే వార్షికోత్సవాలు ఓరుగల్లు కోటలో తలపెట్టారు. స్థలం ఎంపికలోనే ఒక పలుకు ఉంది. కాకతీయుల శిలాతోరణాల నడుమ, పాడుపడిన రాజధానిలో తెలుగు సభ. అది రుచించనివారు ఉన్నారు. రజాకార్లు వచ్చి పందిరికి నిప్పు పెట్టారు. తాటాకులూ వెదురుబొంగులూ కాలడానికి ఎంతసేపు పడుతుంది? సభ ఆగిపోతుందని అందరూ అనుకున్నప్పుడు, జరిగి తీరాలని పట్టుపట్టిన వాడు కాళోజీ నారాయణరావు. ఆ బూడిద కుప్పలమధ్యనే కవిసమ్మేళనం జరిగింది. యువకుడైన దాశరథి కృష్ణమాచార్య అక్కడ పద్యాలు చదివాడు. తరువాత 1949లో ‘అగ్నిధార’ పేరుతో ఆయన కవిత్వం పుస్తకమై వచ్చింది. ఆ పేరులోని అగ్నికి ఓరుగల్లు కోటలో లేచిన మంటకు చుట్టరికం కలపాలని నాకు ఆశగా ఉంటుంది గాని, ఆయన చూసిన మంట అదొక్కటే కాదు. నిజామాబాదు జైలు గోడలమీద బొగ్గుతో పద్యాలు రాసిన కవి ఆయన.

ఓరుగల్లు సంఘటనను చాలామంది వీరగాథగా చెబుతారు. అందులో అబద్ధం లేదు. కాని నా దృష్టి ఎప్పుడూ పందిరి వేసినవారిమీదకు పోతుంది. సభ అంటే కవులు మాత్రమేనా? ఆహ్వాన సంఘం ఉండాలి. చందాలు పోగు చెయ్యాలి. వాసాలు, తాటాకులు, గ్యాసు దీపాలు, వంటపాత్రలు, బళ్ళు, విడిదులు చూడాలి. అతిథులకు ఆశ్రయమిచ్చిన ఇంటిమీద మరునాడు ఎవరి కన్ను పడుతుందో తెలియని రోజులవి. కవి పద్యం చదివి రైలెక్కి వెళ్ళిపోతాడు. పందిరి గుంజలు పాతినవాడు ఆ ఊళ్ళోనే ఉండాలి. వారి పేర్లు ఏ సాహిత్య చరిత్రలోనూ చదివిన గుర్తు లేదు.

ఉత్సవాలు ఏడాదికొకసారి. మిగిలిన రోజులకు పరిషత్తు పరీక్షలు పెట్టింది: ప్రాథమిక, ప్రవేశ, విశారద. బడిలో దొరకని తెలుగును ఇంటిదగ్గరో, గ్రంథాలయంలోనో చదువుకుని వచ్చి పరీక్ష రాయవచ్చు. భాషమీద మమకారం ఒకటైతే, దానికొక పట్టా చేతికి రావడం మరొకటి. ఈ పరీక్షల మెట్లెక్కి తెలుగు పండితులైనవారు పల్లెపల్లెనా ఉండేవారు. దివాకర్ల వేంకటావధానిగారి ‘ఆంధ్ర వాఙ్మయ చరిత్రము’ వంటి ప్రచురణలు, ప్రాచ్య కళాశాల తరువాతి మాట. ఈ పనినంతటినీ దశాబ్దాలపాటు భుజాన వేసుకున్నది దేవులపల్లి రామానుజరావుగారు. ఓరుగల్లు ప్రాంతంనుంచి ‘శోభ’ పత్రిక నడిపినవారు. బొగ్గులకుంటలోని పరిషత్తు సభామందిరానికి ఆయన పేరే పెట్టారు.

1948 సెప్టెంబరుతో నిజాం పాలన ముగిసింది. ఇక అనుమతుల బెడద లేదు, నిప్పు పెట్టేవారు లేరు. అప్పుడు ఉత్సవానికి పని తీరిపోవాలి కదా? తీరలేదు. 1953 జనవరిలో అలంపురంలో జరిగిన పరిషత్తు సభలు దానికి సాక్ష్యం.

అలంపురం తుంగభద్ర ఒడ్డున ఉంది. నదికి ఈవల హైదరాబాదు రాష్ట్రం, ఆవల కర్నూలు. పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో 1952 డిసెంబరు 15న ప్రాణాలు విడిచారు. నాలుగు రోజులకు ఆంధ్ర రాష్ట్ర ప్రకటన వెలువడింది. ఇంకా నెల తిరగకముందే, రెండు రాష్ట్రాల తెలుగు రచయితలూ నవబ్రహ్మ ఆలయాల ఊరికి చేరారు. ఆ సభలకు కర్త, కర్మ, క్రియ అన్నీ అలంపురపు గడియారం రామకృష్ణశర్మగారు. ఆయన ఆత్మకథ ‘శతపత్రము’ను మీలో చదవనివారుంటే వెంటనే సంపాదించండి. ఒక చిన్న ఊరిలో పెద్ద సభ చెయ్యడం ఎలా ఉంటుందో ఆయనకు తెలిసినంత తక్కువమందికి తెలుసు.

అక్కడే కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించారు. ఓరుగల్లులో బూడిదమీద సభ జరగాలని పట్టుపట్టిన మనిషి పుస్తకం అదే పరిషత్తు వార్షికోత్సవంలో, నది ఆవలినుంచి వచ్చిన కవి చేతులమీదుగా వెలువడింది. ఆనాడు అక్కడ చేరినవారిలో ఎందరో ఒక్క రాష్ట్రం కలగన్నారు. 1956లో అది వచ్చింది, 2014లో విడిపోయింది. కాళోజీ స్వయంగా తరువాతి దశాబ్దాలలో ప్రత్యేక తెలంగాణ పక్షాన నిలిచారు. దీనిని మాట మార్చడమని ఎత్తిపొడిచేవారు అలంపురం సభను సరిగా అర్థం చేసుకోలేదని నా అభిప్రాయం. భాష ఒక్కటే అన్నది అలంపురంలో తేలిన సంగతి. పరిపాలన ఒక్కటిగా ఉండాలా అన్నది వేరే ప్రశ్న. కాళోజీ మొదటిదాన్ని ఎన్నడూ కాదనలేదు. 2014 తరువాత ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ ప్రభుత్వం తెలంగాణ భాషా దినోత్సవంగా ప్రకటించింది.

ఇటువంటి సభల వివరాలకు ఆధారం చాలావరకు ఉత్సవ సంచికలే. రజతోత్సవం, స్వర్ణోత్సవం అంటూ వేసే లావుపాటి సంచికలలో మనం వ్యాసాలు చదివి, ముందున్న సందేశాలూ, వెనకున్న చందాదారుల జాబితాలూ తిప్పేస్తాము. నేనిప్పుడు వెతికేవి ఆ జాబితాలే. పందిరికి ఎవరు కర్ర ఇచ్చారో, ఎవరింట వంట జరిగిందో, ఆహ్వాన సంఘాధ్యక్షుడు ఏమి మాట్లాడాడో ఉంటే అక్కడే ఉండాలి. అటువంటి సంచిక ఏదైనా మీ ఇంటి అటకమీద ఉంటే, అట్ట చిరిగిపోయినా సరే, చివరి పుటలు పారేయకండి. వీలైతే స్కాను చేసి పెట్టండి. ఓరుగల్లు, అలంపురం సభలవి ఉంటే ముందుగా అవే.