తాళం పడిన పేర్లు

1991లో డీబేస్‌ను అమ్మే ఆష్టన్-టేట్ కంపెనీ అమ్ముడుపోయింది. కొన్నది బోర్లాండ్ అనే మరో సాఫ్ట్‌వేర్ కంపెనీ. ధర దాదాపు 44 కోట్ల డాలర్లు. పర్సనల్ కంప్యూటర్ మీద డేటాబేస్ అంటే డీబేస్ అనే రోజులు అలా తెల్లారిపోయాయి. ముగింపు ఇదని తెలిసే ఈ గాథ మొదలుపెడుతున్నాం. తెలిసినా సరే, ఒక్కో మలుపు దగ్గరికొచ్చేసరికి ‘అయ్యో, ఇక్కడైనా ఒక్క క్షణం ఆగి ఉంటే’ అని మనసు పీకుతూనే ఉంటుంది.

డీబేస్ పుట్టుకలో ఏ దర్పమూ లేదు. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో పనిచేసే వేన్ రాట్లిఫ్, ఫుట్‌బాల్ పందెంలో గెలుపోటముల లెక్కలు తేల్చుకోవడానికి ఇంట్లో కూర్చుని రాసుకున్న ప్రోగ్రాం అది. ఆ లాబొరేటరీలో పెద్ద కంప్యూటర్ మీద నడిచే జేపీఎల్‌డీఐఎస్ అనే వ్యవస్థ అతనికి ఒరవడి. తన ప్రోగ్రాంకు వల్కన్ అని పేరు పెట్టి 1979లో అమ్మకానికి పెట్టాడు. రాసినంత సులువుగా అమ్మలేకపోయాడు. అప్పుడు జార్జ్ టేట్, హాల్ లాష్లీ ముందుకొచ్చి దాన్ని డీబేస్ టూ అని మార్కెట్లోకి తెచ్చారు. డీబేస్ వన్ అంటూ ఎప్పుడూ లేదు. ఆష్టన్ అనే భాగస్వామీ లేడు, కంపెనీ పేరు నిండుగా వినిపించాలని తగిలించారంతే. తర్వాత ఆఫీసులో పెంచుకున్న పంచవన్నెల చిలుకకు ఆ పేరు పెట్టారు. అంత నవ్వుతూ మొదలైన సంస్థకు ఇంత ఏడుపు రాసిపెట్టి ఉందని ఎవరనుకుంటారు!

మన ఊళ్ళలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళిన తొలి తరానికి ఈ పేరు కొత్త కాదు. డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్: కోర్సు అంటే ఈ నాలుగే. నల్లటి తెర మీద డీబేస్ ఒక్క చుక్క పెట్టి ఊరుకునేది. ఏం కావాలో నువ్వే చెప్పు అన్నట్టు ఆ చుక్క ఎదురుచూసేది. ఉత్తరాలు రాసే వర్డ్‌స్టార్‌తో దాన్ని కలిపే పద్ధతి నేర్చుకున్న రోజున, ఒకే ఉత్తరం వందమందికి వంద పేర్లతో వెళ్ళడం కళ్ళారా చూసిన రోజున, చూసినవాళ్ళకు కాళ్ళు నేల మీద నిలిచేవి కావు.

మెయిల్ మెర్జ్ అనే ఆ పద్ధతి ఇదీ. డీబేస్‌లో ఫైలు తెరిచి, కావలసిన ఊరివాళ్ళను మాత్రం వడగట్టి, కాపీ ఆజ్ఞ చివర డిలిమిటెడ్ అని కొట్టాలి. పేర్లూ చిరునామాలూ కొటేషన్ గుర్తుల్లో, మధ్యలో కామాలతో, మామూలు టెక్స్ట్ ఫైల్లోకి దిగేవి. వర్డ్‌స్టార్‌లో ఉత్తరం పైన చుక్కతో డీఎఫ్ అని కొట్టి ఆ ఫైలు పేరు ఇవ్వాలి. దాని కింద చుక్కతో ఆర్‌వీ అని కొట్టి పేరు, వీధి, ఊరు, పిన్‌కోడ్ వరస తప్పకుండా చెప్పాలి. ఉత్తరంలో పేరు పడాల్సిన చోట ఆ మాటను రెండు యాంపర్‌శాండ్ల మధ్య పెడితే చాలు. చిరునామాలో రెండో లైను లేనివాళ్ళ కోసం స్లాష్ పెట్టి ఓ చేర్చితే, ఖాళీ పడకుండా కింది లైను పైకి జరిగేది. ఎక్కడైనా కొటేషన్ గుర్తు జారి చిరునామాలోని కామా బయటపడిందా, అక్కడి నుంచి అన్నీ ఒక గడి పక్కకు తప్పుకునేవి. పిన్‌కోడ్ ఉండాల్సిన చోట ఊరు పేరు కూర్చునేది. అయినా అదో పెద్ద కష్టం కాదు. టెక్స్ట్ ఫైలు తెరిస్తే తప్పు కంటికి కనబడేది. చేత్తో దిద్దుకోవచ్చు. ఇద్దరు వేర్వేరు యజమానుల ప్రోగ్రాంలు ఒకదాన్నొకటి అడక్కుండానే మాట్లాడుకున్నాయంటే, మధ్యలో ఉన్న ఆ ఫైలుకు తలుపు లేకపోవడమే కారణం.

తర్వాత తలుపులు మొదలయ్యాయి.

1984 ఆగస్టులో జార్జ్ టేట్ గుండెపోటుతో పోయాడు. వయసు నలభై. పగ్గాలు ఎడ్ ఎస్బర్ చేతికి వచ్చాయి. డీబేస్ త్రీ అమ్మకాలు జోరుగానే సాగాయి. కానీ నకళ్ళు తీస్తారన్న భయంతో ఫ్లాపీకే తాళం వేసి అమ్మారు. డబ్బు పెట్టి కొన్నవాడు తన సొంత సరుకుతోనే తంటాలు పడ్డాడు. విసుగు ముదిరాక ఆ తాళం తీశారు గాని, మనసులో పడ్డ గీత మాసిపోలేదు. 1985లో కంపెనీ మల్టీమేట్ అనే వర్డ్ ప్రాసెసర్‌ను కొనుక్కుంది. పేర్లు దాచే చోటు, ఉత్తరం రాసే చోటు ఒకే యజమాని చేతికి వచ్చాయి. ఆ రెంటినీ జనం విడవలేని జంటగా మలచగలిగి ఉంటే? మలచలేకపోయింది. వర్డ్‌పర్ఫెక్ట్ అనే పోటీ వర్డ్ ప్రాసెసర్ ఎదుట మల్టీమేట్ నిలవలేదు.

అవతల వర్డ్‌స్టార్ కూడా అదే వేళకు దారి తప్పింది. దాని యజమాని మైక్రోప్రో, వర్డ్‌స్టార్ 2000 అని కొత్తది తెచ్చింది. కంట్రోల్ కీ పట్టుకుని ఈ, ఎస్, డీ, ఎక్స్‌ల మీద వేళ్ళు వాటంతటవే పరుగెత్తేలా సాధన చేసిన లక్షలమందిని, మళ్ళీ మొదటినుంచి నేర్చుకోమంది. అంత కష్టం ఎలాగూ తప్పదన్నప్పుడు, వాళ్ళు నేర్చుకున్నది వర్డ్‌పర్ఫెక్ట్‌ను. వాళ్ళను తప్పుపట్టగలమా?

ఇక 1988. డీబేస్ ఫోర్ వచ్చిన సంవత్సరం. అందులో ప్రొటెక్ట్ అనే ఏర్పాటు ఉంది: వాడేవాళ్ళకు పాస్‌వర్డ్‌లు, గుంపులు, టేబుల్‌కు ఎన్‌క్రిప్షన్. పాస్‌వర్డ్‌ల వివరాలన్నీ ఒక ప్రత్యేక ఫైల్లో ఉండేవి. ఆఫీసుల్లో జీతాలు, అప్పులు, జబ్బుల వివరాలు దాచుకునేవాళ్ళకు అది న్యాయమైన అవసరం. కాని మెయిల్ మెర్జ్‌కు కావలసింది చదవగలిగే అక్షరాలు. తాళం వేసిన టేబుల్ ఉత్తరంలోకి రావాలంటే, దాన్ని విప్పి మళ్ళీ మామూలు టెక్స్ట్‌గా రాయాల్సిందే. రాసిన మరుక్షణం, బీరువాలో దాచిన పేర్లన్నీ బల్ల మీద పరిచినట్టే. ఇక ఆ పాస్‌వర్డ్‌ల ఫైలు చెడిపోతే అసలు టేబుల్ కూడా చేతికి రాదు. బయటివాడికి అడ్డుపడలేని తాళం, సొంతదారుకు మాత్రం అడ్డుపడింది.

అంతకంటే పెద్ద గాయం, డీబేస్ ఫోర్ నిండా ఉన్న తప్పులు. నెమ్మదిగా నడిచేది, ఆగిపోయేది. నమ్ముకున్న ప్రోగ్రామర్లు ఇవాళో రేపో బాగుచేస్తారని ఎదురుచూశారు. సరిదిద్దిన 1.1 వెర్షన్ 1990 నడిమికి గాని రాలేదు. దాదాపు రెండేళ్ళు! ఆ రెండేళ్ళలో ఒక్క ఆరునెలలు ముందు మేల్కొన్నా వెళ్ళిపోయినవాళ్ళలో కొందరైనా తిరిగొచ్చేవారేమో. ఆ సమయంలో కంపెనీ కోర్టులో ఉంది. డీబేస్ భాషనే మాట్లాడుతూ ఇంకా వేగంగా పరుగెత్తే ఫాక్స్‌బేస్ మీద, దాన్ని చేసిన ఫాక్స్ సాఫ్ట్‌వేర్ మీద 1988లోనే దావా వేసింది. ఆ భాష మాదే, ఇంకెవరూ మాట్లాడకూడదు అంది. 1990 డిసెంబర్‌లో జడ్జి టెర్రీ హాటర్ ఆ కాపీరైటే చెల్లదన్నాడు: ఈ ప్రోగ్రాంకు మూలం జేపీఎల్‌డీఐఎస్ అన్న సంగతి రిజిస్ట్రేషన్‌లో దాచారు కదా అని. కొన్ని నెలలకు ఆ తీర్పును తనే వెనక్కి తీసుకున్నాడు. అప్పటికి పోవలసిన పరువు పోయింది. 1991లోనే కంపెనీ బోర్లాండ్ చేతికి వెళ్ళింది. ఫాక్స్ మీద దావా వదులుకోవాలన్న షరతు మీదే అమెరికా న్యాయశాఖ ఆ కొనుగోలును సాగనిచ్చింది. ఏ గోడ కోసం అంత పోరాడారో, ఆ గోడను చివరికి దానంగా ఇచ్చేయాల్సి వచ్చింది.

1992లో ఫాక్స్‌ను మైక్రోసాఫ్ట్ కొనేసింది. ఆ ఏడాది చివరనే మైక్రోసాఫ్ట్ సొంత డేటాబేస్ యాక్సెస్ వచ్చింది. విండోస్‌లో నడిచే డీబేస్ 1994 దాకా రాలేదు. అప్పటికే ఉత్తరాలు వర్డ్‌లో, పేర్లు యాక్సెస్‌లో ఉన్నాయి.

గెలిచినవాళ్ళకైనా తాళానికీ ఉత్తరానికీ మధ్య ఉన్న ఆ చిక్కు విడిపోయిందా అంటే, లేదు. యాక్సెస్ ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి వర్డ్ మెయిల్ మెర్జ్‌లో కలపబోయిన ఉద్యోగి ముందు డేటా లింక్ ప్రాపర్టీస్ అనే పెట్టె తెరుచుకుంటుంది. అందులో చివరి ట్యాబ్ దాకా వెళ్ళి, జెట్ డేటాబేస్ పాస్‌వర్డ్ అన్న వరస వెతికి పట్టుకుని నింపాలి. ప్రతిసారీ ఎందుకని దాచుకోమంటే, ఓడీసీ అనే కనెక్షన్ ఫైల్లో ఆ పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లో కూర్చుంటుంది. నోట్‌ప్యాడ్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. యాక్సెస్ 97 కాలంలోనైతే ఫైలు లోపల పాస్‌వర్డ్‌ను కప్పిన ముసుగు అన్ని ఫైళ్ళకూ ఒకటే. ఒకసారి తెలిసినవాడికి ఏ ఫైలైనా తెరిచినట్టే. డీబేస్‌ను కూల్చిన చేతులకే డీబేస్ పడ్డ చిక్కు అంటుకుంది.

ఇంత పోయాక మిగిలిందేమిటో చూస్తే దుఃఖం ఇంకోలా తిరుగుతుంది. డీబీఎఫ్ అనే ఆ పాత ఫైలు రూపం చావలేదు. భూముల సరిహద్దులు, రోడ్లు, చెరువులు గీసే షేప్‌ఫైల్‌లో వాటి వివరాలు రాసుకునే భాగం నేటికీ డీబీఎఫే. ఎలా చదవాలో అందరికీ తెలిసింది కనుక, ఎవరినీ అడగనక్కర్లేదు కనుక అది బతికింది. ఆష్టన్-టేట్ కోర్టుదాకా ఈడ్చి కాపాడుకోబోయినవి అన్నీ పోయాయి. పట్టించుకోకుండా తెరిచి వదిలేసిన ఒక్కటే డీబేస్ పేరును ఇంకా మోస్తోంది. దాపరికం అక్కర్లేదని కాదు, జనం వివరాలకు కాపలా ఉండి తీరాలి. కాని ఆ కాపలా దొంగ కోసం ఉండాలి గాని, తనను నమ్మి చేతులు అరగదీసుకున్నవాళ్ళ కోసం కాదు. ఆష్టన్-టేట్ ఆ తేడా మరిచింది. దాని పతనానికి ఏడవవలసింది అందుకే.