డెయిజీ నుండి మార్గరీటాకు

మార్గరీటాను మొట్టమొదట కలిపింది ఎవరన్న ప్రశ్నకు అరడజను జవాబులు ప్రచారంలో ఉన్నాయి. దాదాపు ప్రతి కథలోనూ ఒక స్త్రీ ఉంటుంది. టిహువానాకు దక్షిణాన రాంచో లా గ్లోరియా నడిపిన కార్లోస్ ఎర్రేరా, టెకీలా తప్ప మరే మద్యమూ ఒంటికి పడని మార్జరీ కింగ్ అనే నర్తకి కోసం 1938 ప్రాంతంలో దీన్ని కలిపాడని ఒక కథ. డాలస్ సంపన్నవర్గానికి చెందిన మార్గరెట్ సేమ్స్, 1948లో అకపుల్కోలోని తన ఇంట్లో అతిథుల కోసం తానే కలిపానని చెప్పుకున్నది. వీటన్నిటిలో ముచ్చటైనది పాంచో మొరాలెస్ చెప్పినది. 1942 జులై 4న హువారెస్‌లోని ఒక బారులో ఒకామె ‘మాగ్నోలియా’ అడిగిందట. దాని దినుసులు సరిగా గుర్తులేక, తోచినవి కలిపి ఇచ్చి, దానికి ఇంకో పువ్వు పేరు పెట్టాడట. ఈ మొరాలెస్ తరువాత అమెరికా చేరి, బారు పని మాని, ఇంటింటికీ పాలు పోసే ఉద్యోగంలో స్థిరపడ్డాడు.

చిక్కల్లా తేదీల దగ్గరే వస్తుంది. 1937లో లండన్‌లో వెలువడిన ‘కెఫే రాయల్ కాక్‌టెయిల్ బుక్’లో ‘పికడోర్’ అనే పానీయం ఉంది. సగం టెకీలా, పాతిక వంతు క్వాంత్రో, పాతిక వంతు నిమ్మరసం. పేరు తప్పిస్తే ఇది అచ్చంగా మార్గరీటాయే. అంతకు ఒక ఏడాది ముందే, అయొవా రాష్ట్రంలోని మోవిల్ అనే చిన్న ఊరి పత్రికా సంపాదకుడు జేమ్స్ గ్రేమ్ టిహువానా వెళ్ళి, అక్కడ మాడెన్ అనే ఐరిష్ సంతతి బారు యజమాని ‘టెకీలా డెయిజీ’కి పేరుమోసిన సంగతి తన పత్రికలో రాశాడు. ఒక సీసా బదులు పొరపాటున ఇంకో సీసా అందుకోవడం వల్ల అది పుట్టిందని మాడెన్ అతనితో అన్నాడు. తానే కనిపెట్టానని గొప్పలు పోని సాక్షి కాబట్టి, మిగిలినవారికంటే ఇతని మాటకు కాస్త ఎక్కువ విలువ ఇవ్వవచ్చు.

కథల ముడిని విప్పేది ఈ డెయిజీ అన్న మాటే. స్పానిష్‌లో ‘మార్గరీటా’ అంటే, చామంతి కుటుంబానికి చెందిన, ఇంగ్లీషువారు డెయిజీ అని పిలిచే పువ్వు. డెయిజీ అన్నది పందొమ్మిదో శతాబ్దం నుండి అమెరికన్ బారుల్లో ఉన్న ఒక పానీయ కుటుంబం పేరు కూడా. జెర్రీ థామస్ పుస్తకపు 1876 ముద్రణలో బ్రాందీ డెయిజీ కనిపిస్తుంది: బ్రాందీ, నిమ్మరసం, తీపికి నారింజ లికర్. 1920 నుండి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం అమలులో ఉన్నప్పుడు, దాహం తీర్చుకోవడానికి జనం సరిహద్దు దాటి టిహువానాకూ హువారెస్‌కూ వెళ్ళేవారు. వాళ్ళకు అలవాటైన డెయిజీ అక్కడ దొరికే టెకీలాతో తయారైంది, పేరు అక్కడి భాషలోకి మారింది. ఏ మార్జరీ కోసమో, మార్గరెట్ కోసమో పుట్టిన పేరు కాదిది, ఒక అనువాదం అనుకోవడమే సబబు. అనువాదకులు సరిహద్దు బారుల్లో పనిచేసినవారు. వారిలో చాలామంది పేర్లు ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు.

ఇంట్లో కలుపుకునేవారికి ఈ వంశవృక్షం వల్ల ఒక ప్రయోజనం ఉంది. డెయిజీలో తీపి నారింజ లికర్ నుండే రావాలి. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం పాళ్ళు 50 మిల్లీలీటర్ల టెకీలా, 20 ట్రిపుల్ సెక్, 15 నిమ్మరసం. పికడోర్ పాళ్ళతో పోలిస్తే ఇందులో టెకీలా ఎక్కువ, పులుపు తక్కువ. ఈ రెంటి మధ్య ఎక్కడో ఎవరి నాలుకకు తగిన లెక్క వారికి దొరుకుతుంది. మంచు ముక్కలతో గట్టిగా కుదిపినప్పుడు కరిగే నీరు కూడా ఒక దినుసే. అది చాలకపోతే పానీయం గొంతులో మండుతుంది. ఉప్పు గ్లాసు అంచుకు సగం మేరకే, అదీ బయటివైపునే అద్దాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో హూలియో బెర్మెహో ప్రసిద్ధం చేసిన ‘టామీస్ మార్గరీటా’లో నారింజ లికర్ స్థానంలో అగావే పాకం వాడతారు. రుచికి ఏ లోటూ లేదుగాని, వంశం లెక్కన అది డెయిజీ కాదు.

దుకాణాల్లో అమ్మే తియ్యటి పులుపు మిశ్రమం మరో తోవ. ఆ తీపికి అమెరికన్ నాలుక అలవాటు పడటంలో డాలస్ రెస్టారెంటు యజమాని మరియానో మార్టినెజ్ పాత్ర తక్కువది కాదు. 1971లో ఆయన, స్లర్పీ యంత్రాన్ని చూసి కలిగిన ఆలోచనతో, ఒక ఐస్‌క్రీమ్ యంత్రాన్ని మార్చి మంచుముద్దలాంటి మార్గరీటా తీశాడు. బాగా చల్లబడితే నాలుకకు తీపి తెలియదు, కాబట్టి చక్కెర పెంచక తప్పదు. ఆ యంత్రం ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

నిమ్మకాయ సంగతి వేరు. అమెరికన్ అంగళ్ళలో లైమ్ పేరుతో ఎక్కువగా దొరికేది గింజల్లేని పెద్ద పర్షియన్ రకం. మెక్సికోవారి చిన్న, పలుచని తొక్కల ‘లిమోన్’, గూడూరు మార్కెట్టుకు వచ్చే మన నిమ్మకాయ ఒకే జాతివి. ఆసియాలో పుట్టిన ఆ చెట్టు అరబ్బుల వెంట స్పెయిన్‌కూ, స్పెయిన్‌వారి వెంట మెక్సికోకూ చేరింది. ‘కీ లైమ్’ పేరుతో అమెరికాలో అమ్మేది అదే. ఒక్కో గ్లాసుకు రెండు మూడు కాయలు పిండాల్సి వచ్చినా, దాని సువాసన పెద్దకాయకు రాదు.

ఎదురు దిశలో మెక్సికో నుండి మనకు వచ్చింది అగావే. రాయలసీమలో పొలాల గట్ల మీద కంచెగా పెరిగే కిత్తనార ఆ కుటుంబానిదే. దాని మట్టల నుండి నార తీసి తాళ్ళు పేనేవారు. అమెరికా నుండి తిరిగి వచ్చిన డెస్మండ్ నజరెత్, దక్కన్ పీఠభూమిలో పెరిగే అగావే నుండి మద్యం తీయడానికి చిత్తూరు జిల్లాలో ఒక చిన్న డిస్టిలరీ పెట్టి, 2011లో ఆ సరుకును గోవాలో విడుదల చేశాడు. టెకీలా అన్న పేరు హాలిస్కోతో పాటు మెక్సికోలోని కొన్ని నిర్ణీత ప్రాంతాల్లో నీలి అగావే నుండి తీసినదానికే చెల్లుతుంది కాబట్టి, చిత్తూరు సీసా మీద ఆ మాట ఉండదు. క్వాంత్రోతో, గూడూరు నిమ్మరసంతో దాన్ని కలిపితే వచ్చేది మాత్రం, మాడెన్ లెక్కన చూసినా, డెయిజీయే.