రఘునాథపల్లి నుంచి ఖిలాషాపురానికి: ఆటో ప్రయాణంలో వినిపించే పాపన్న చరిత్ర

వ్యాససంగ్రహం

జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపురం కోటను చూడవచ్చే బయటి సందర్శకునికి తొలి చరిత్రకారుడు తరచుగా ఆటో డ్రైవరే అవుతాడు. అతడు చెప్పే సర్వాయి పాపన్న కథ పారశీక చరిత్ర గ్రంథాలతో కొన్నిచోట్ల కలుస్తుంది, కొన్నిచోట్ల విభేదిస్తుంది. ఆ విభేదాలను పొరపాట్లుగా కొట్టివేయక, స్థానిక చరిత్రకు ఆధారాలుగా ఎలా చదవవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కిరాయి ప్రయాణమనే వ్యవస్థ ఆ కథనాన్ని ఎలా మలుస్తుందో కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: రఘునాథపల్లి, ఖిలాషాపురం, సర్వాయి పాపన్న, ఆటో, మౌఖిక చరిత్ర, క్రీడాభిరామం.

1. ఉపోద్ఘాతం

ప్రపంచ పర్యాటక రంగంలో ‘టుక్-టుక్’ అనే పేరు స్థిరపడింది. ఇంజను చప్పుడునుబట్టి థాయిలాండులో పుట్టిన ఆ ధ్వన్యనుకరణ పదం తెలుగువారి నోట నిలవలేదు. మనకు అది ఆటోయే. బ్యాంకాకులోనో కొలంబోలోనో టుక్-టుక్ ఎక్కి నగరం చూడటం ఒక వినోదంగా అమ్ముడుపోతుంది. తెలంగాణ పల్లెల్లో ఆటో అలాంటి వినోదవస్తువు కాదు. అది బడికి, ఆసుపత్రికి, అంగడికి పోయే బండి. ఎప్పుడో ఒకనాడు ఊరికి కొత్తవాడొకడు వచ్చి కోట చూపించమని అడిగితే, అదే బండి ఆ పూటకు విహారవాహనమవుతుంది, దాని డ్రైవరు మార్గదర్శి అవుతాడు.

రఘునాథపల్లి అలాంటి ఊరు. పూర్వపు వరంగల్ జిల్లాలోని ఈ మండలం 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ జిల్లాలో చేరింది. సికింద్రాబాద్-కాజీపేట రైలుమార్గంలో స్టేషను ఉంది, హైదరాబాదు నుంచి వరంగల్ మీదుగా సాగే 163వ జాతీయ రహదారి ఊరిని ఒరుసుకొని పోతుంది. వేయిస్తంభాల గుడికి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన రామప్పకు హైదరాబాదు నుంచి వెళ్లే బస్సులు, కార్లు ఈ దారినే పోతాయి. వాటిలో అత్యధికం ఇక్కడ ఆగవు. ఆగి, రహదారి దిగి లోపలికి పోవాలనుకున్నవారికి సొంత వాహనం లేకపోతే ఆటోయే గతి.

2. మాట్లాడుకున్న బండి

వాహన చరిత్రలో ఆటో వంశవృక్షం చిన్నది. మనిషి లాగే బండి అనే అర్థమిచ్చే జపాను పదం నుంచి ‘రిక్షా’ వచ్చింది. 1948లో ఇటలీకి చెందిన పియాజియో సంస్థ స్కూటరుకు మరో చక్రం చేర్చి ‘ఆపె’ అనే బండిని తెచ్చింది. ఇటాలియను భాషలో ఆ మాటకు తేనెటీగ అని అర్థం. 1959లో బజాజ్ సంస్థకు ద్విచక్ర, త్రిచక్ర వాహనాల తయారీకి అనుమతి లభించిన తరువాత మన నగరాల్లోనూ, క్రమంగా పల్లెల్లోనూ ఈ బండి వ్యాపించింది.

చరిత్రకారునికి యంత్రం కన్నా ఒప్పందం ముఖ్యం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రయాణికుల బండ్లను ప్రధానంగా రెండు తీరులుగా విడదీసింది: ప్రయాణికుల దగ్గర విడివిడిగా ఛార్జీ తీసుకొని దారిలో ఎక్కించుకుంటూ దించుకుంటూ పోయే స్టేజ్ క్యారేజ్, మొత్తం బండిని ఒక ఒప్పందంపై ఇచ్చే కాంట్రాక్ట్ క్యారేజ్. చట్టం దృష్టిలో ఆటో రెండో తరగతికి చెందినది. ఆచరణలో పల్లె ఆటో రోజంతా షేర్ ఆటోగా, అంటే మొదటి పద్ధతిలో నడుస్తుంది. సందర్శకుడు బండిని పూర్తిగా కుదుర్చుకున్నప్పుడే అది చట్టం చెప్పిన రూపానికి వస్తుంది. ఇలా కుదుర్చుకోవడాన్ని మనం ‘ఆటో మాట్లాడుకోవడం’ అంటాం. పత్రమూ రశీదూ లేని ఒప్పందానికి ఇంతకంటే తగిన పేరు దొరకదు. పోను రాను కిరాయి ఎంత, అక్కడ ఎంతసేపు ఆగాలి, మధ్యలో ఇంకెక్కడికైనా పోవాలా అన్నవన్నీ ఆ మాటల్లోనే తేలుతాయి. ‘అన్నా’ అనే పిలుపుతో మొదలైన బేరం ప్రయాణం మొదలయ్యేసరికి పలకరింపుగా మారుతుంది. కథ చెప్పడానికి కావలసిన చనువు అక్కడే పుడుతుంది.

దారి చూపుతూ కథ చెప్పడం ఈ నేలకు కొత్త కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామం, ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులన్నీ ఒక్క రోజులో తిరిగిన వృత్తాంతం. మంచనశర్మ, టిట్టిభసెట్టి కాకతీయ రాజధానిలో గుళ్లు, అంగళ్లు, వేశ్యవాటికలు, మాచల్దేవి చిత్రశాల చూస్తూ పోతారు. శ్రీనాథుడే దాని కర్త అన్న వాదం సంగతి అలా ఉంచితే, అందులోని ఒక ఘట్టం మన అంశానికి నేరుగా సంబంధించినది. ఆ మిత్రులు వీధిలో పల్నాటి వీరుల కథాగానం వింటారు. ఓరుగల్లును చూడవచ్చినవాడు రాజు చరిత్రతోపాటు, రాజధానికి దూరంగా తమలో తాము పోరాడి చచ్చిన వీరుల కథనూ విన్నాడన్నమాట. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు ఈ కావ్యాన్ని విస్తారంగా వాడుకోవడానికి కారణం అందులోని వీధే.

3. కోట దగ్గర మూడు కథనాలు

ఖిలాషాపురం పేరులోనే కోట ఉంది: ఖిలా, షాపూర్. పారశీక గ్రంథాలు చెప్పే షాపూర్ ఇదే. 1687లో గోల్కొండ మొగలులకు చిక్కిన తరువాత తెలంగాణలో ఏర్పడిన అరాచకంలో, కల్లుగీత కుటుంబంలో పుట్టిన పాపన్న ఈ చోటును తన బలగానికి కేంద్రంగా చేసుకున్నాడు. ఊరి ఇళ్ల నడుమ నిలిచిన రాతిగోడలు, బురుజులు నేటికీ ఆ కాలాన్ని గుర్తుచేస్తాయి.

ఈ కోటకు సంబంధించి లిఖిత రూపంలో మనకు ప్రధానంగా దక్కినది ఖాఫీ ఖాన్ ‘ముంతఖబ్-ఉల్-లుబాబ్’ కథనం. దాని ప్రకారం పాపన్న మొదట ధనికురాలైన తన చెల్లెలినే దోచాడు, తరువాత దారిదోపిడీలకు దిగాడు. కౌలాసు జమీందారు వద్ద కొంతకాలం కొలువు చేసి, అక్కడ చెరసాల పాలై, బయటపడి షాపూరు చేరాడు. అతణ్ణి అణచడానికి వచ్చిన కొలనుపాక ఫౌజుదారు ఖాసిం ఖాన్ పోరులో చనిపోయాడు. హైదరాబాదు అధికారి రుస్తుం దిల్ ఖాన్ షాపూరును ముట్టడించి కోటను పడగొట్టించాడు. పాపన్న తిరిగివచ్చి, ఈసారి రాతితో సున్నంతో గట్టి కోట కట్టుకొని ఫిరంగులు నిలిపాడు. 1707లో ఔరంగజేబు చనిపోయాక వారసుల తగవులాటలో పాలన సడలింది. 1708లో మొహర్రం వేళ వరంగల్ కోటను, ఆ తరువాత భువనగిరిని పాపన్న దోచాడు. 1709లో హైదరాబాదు వచ్చిన బహదూర్ షాకు 14 లక్షల రూపాయలు సమర్పించి గౌరవవస్త్రం కూడా అందుకున్నాడు. గీత కులస్థునికి బాదుషా దర్బారులో మర్యాద జరగడం నగర ప్రముఖులకు సహించలేదు. యూసుఫ్ ఖాన్ సైన్యం కదిలింది.

అప్పుడు ఈ కోటలో జరిగిన ఘటన మొత్తం కథకే ఆయువుపట్టు. పాపన్న మరొక జమీందారుపై దండెత్తిపోయిన సమయంలో, షాపూరులో బందీగా ఉన్న అతని బావమరిది, తన భార్య భోజనంలో దాచి పంపిన ఆకురాళ్లతో సంకెళ్లు కోసుకొన్నాడు. మిగిలిన బందీలతో కలిసి కోటను పట్టుకొన్నాడు. పాపన్న తిరిగి వచ్చేసరికి తలుపులు మూసి ఉన్నాయి. అతడు పెట్టిన ఫిరంగులే అతని వైపు తిరిగాయి. తాను కట్టిన కోట బయట తానే నిలిచిన ఆ సర్దారు చివరకు తరికొండకు, అక్కడి నుంచి హసనాబాదుకు పారిపోయి పట్టుబడ్డాడు. 1710లో అతణ్ణి చంపారు.

రెండవది పాట. 1874లో ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో జె.ఎ. బోయల్ ప్రచురించిన తెలుగు వీరగాథల్లో సర్వాయి పాపన్న గాథ ఒకటి. అందులో ఆరంభమే వేరు. చెల్లెలిని దోచినవాడు కాదు, కులవృత్తి వద్దని తల్లితో వాదించే కొడుకు కనిపిస్తాడు. అతని వెంట నడిచినవారిలో చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల పేర్లు వినిపిస్తాయి. జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ రెండు దృష్టులనూ పక్కపక్కన పెట్టి చదివారు. 2005లో రిచర్డ్ ఈటన్ తన దక్కను సాంఘిక చరిత్రలో ఎంచుకొన్న ఎనిమిది జీవితాల్లో పాపన్నదొకటి.

మూడవది దారిలో వినిపించే కథ. ఇది కొంతవరకు పాట నుంచి, కొంత పెద్దల మాటల నుంచి, కొంత విగ్రహాల దగ్గరి ఫలకాల నుంచి, సభల ఉపన్యాసాల నుంచి, ఇటీవల ఫోను తెరల నుంచి కూడినది. ఆగస్టు 18ని పాపన్న జయంతిగా 2022 నుంచి రాష్ట్ర ప్రభుత్వం అధికారికంగా జరుపుతోంది. ఈ మూడు కథనాల్లో మారుతూ వచ్చిన పేరే ఒక ఆధారం. పాతపాటలో ‘పాపడు’, జనవ్యవహారంలో ‘పాపన్న’, నేటి ఫలకాలపై ‘సర్దార్ సర్వాయి పాపన్న గౌడ్’. డు-వర్ణం నుంచి అన్న వరకు, అన్న నుంచి సర్దారు వరకు జరిగిన ఈ ప్రయాణాన్ని పరిశీలిస్తే ఒక సామాజిక వర్గపు ఆత్మగౌరవ చరిత్ర బయటపడుతుంది. ‘సర్వాయి’ సంగతి మరీ చిత్రం. పారశీక కథనంలో సర్వ అనేవాడు పాపన్న సహచరుడు, వేరే మనిషి. తెలుగులో ఆ మాట పాపన్న పేరులోనే కలిసిపోయింది.

4. గోల్కొండ ఎందుకు వచ్చింది?

పాపన్న గోల్కొండను జయించాడని ఈ ప్రాంతంలో గట్టిగా చెప్పుకుంటారు. ఖాఫీ ఖాన్ కథనంలో వరంగల్, భువనగిరి ఉన్నాయి కాని గోల్కొండ విజయం లేదు. పత్రాధారాలకే కట్టుబడిన పరిశోధకుడు ఇక్కడ ‘అసత్యం’ అని రాసి పేజీ తిప్పుతాడు. అంతకంటే మెరుగైన పద్ధతి ఉంది. ఇటలీలో 1949లో పోలీసుల చేతిలో చనిపోయిన ఒక కార్మికుని మరణాన్ని ఊరివారు చాలామంది 1953కు జరిపి చెప్పడాన్ని అలెస్సాండ్రో పోర్తెల్లి 1991లో వచ్చిన తన గ్రంథంలో విశ్లేషించాడు. తేదీ తప్పు, ఆ తప్పు ద్వారా సమాజం తన ఓటమికి అర్థం వెతుక్కొన్న తీరు మాత్రం నిజం.

గోల్కొండ విషయంలోనూ ఇదే జరిగిందని నా అభిప్రాయం. పాపన్న కాలానికి గోల్కొండ సుల్తానులు లేరు. అధికారం హైదరాబాదులోని మొగలు సుబేదారుది. అయినా పల్లె ప్రజల భాషలో ‘గోల్కొండ’ ఒక ఊరు కాదు, పైనుండే దొరతనానికి మారుపేరు. బోయల్ పాటలోని పాపడు తల్లితో గోల్కొండను కొల్లగొడతానంటాడు. పాటలో శపథంగా ఉన్నది నేటి కథలో నెరవేరిన విజయమైంది. బాదుషాకు ఎదురుగా నిలిచి గౌరవవస్త్రం అందుకొన్న వాస్తవ ఘటన ఈ మార్పుకు ఊతమిచ్చి ఉండవచ్చు. దర్బారులో నిలిచినవాణ్ణి గద్దెమీద కూర్చోబెట్టడానికి కథకు అట్టే దూరం లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. వీరునిగా నిలబెట్టే ప్రయత్నంలో నేటి కథనం కొన్నింటిని పూర్తిగా వదిలేస్తోంది. వరంగల్, భువనగిరి దోపిడీల్లో చెరపట్టిన స్త్రీలు, పిల్లలు అందులో కనిపించరు. కోట చరిత్రను మలుపుతిప్పిన ఆకురాళ్ల ఇల్లాలు కూడా కనిపించదు. ఖాఫీ ఖాన్ పక్షపాతం తెలిసినదే, అతడు పాలకుల వైపువాడు. అంతమాత్రాన అతడు చెప్పిన బాధితులు కల్పితులు కారు.

5. బేరంలో తేలే దారి

ఆటో ప్రయాణంలో కథనం చోటు వెంబడి నడుస్తుంది. దారిపక్కన తాటివనం కనబడితే మోకు, ముస్తాదు ప్రస్తావన వస్తుంది, అక్కడి నుంచి పాపన్న కులవృత్తికి మాట మళ్లుతుంది. గ్రంథంలో కాలక్రమం ఎంతో ఇక్కడ దారిక్రమం అంత. అదే బండి ఖిలాషాపురంతో ఆగక పాలకుర్తి వైపు సాగితే చరిత్ర మొత్తం మారిపోతుంది. పాలకుర్తి బసవపురాణకర్త సోమనాథునిది. చాకలి ఐలమ్మ తన చేను కోసం విస్నూరు దేశముఖుతో తలపడిన ఊరూ అదే. ఆ మండలంలోనే పోతన పేరుతో ప్రసిద్ధమైన బమ్మెర ఉంది (ఒంటిమిట్టవారి వాదం వారిది). దేవరుప్పుల వైపు పోతే 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి. ఒక్క రోజు కిరాయిలో శివకవి, భాగవతకవి, గీతవీరుడు, సాయుధపోరాటపు తొలి అమరుడు అందరూ వస్తారు. వచ్చినవాడు భక్తుడా, ఉద్యమాభిమానియా, గౌడ సంఘం తరఫువాడా అన్నది మాట్లాడుకొనే సమయంలోనే తెలుస్తుంది గనుక ఏ ఊరు దగ్గర ఎంతసేపు ఆగాలో, ఏ కథ పెద్దది చేయాలో డ్రైవరు అప్పుడే లెక్క వేసుకోగలడు.

మెకంజీ కోసం ఊళ్లు తిరిగిన కావలి సోదరులకు గ్రామాల వారు చెప్పిన సమాచారంలోనూ ఇలాంటి సర్దుబాట్లు ఉన్నాయి. అడిగినవాణ్ణిబట్టి చెప్పినవి కనుక కైఫీయతులను మనం పారేయలేదు, జాగ్రత్తగా చదవడం నేర్చుకొన్నాం.

6. కథకుని జీవిక

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం అమలులోకి వచ్చింది. మహిళలకు అది నిస్సందేహంగా మేలు. షేర్ ఆటోల రాబడికి దెబ్బ తగిలిందని డ్రైవర్లు రాష్ట్రమంతటా ఆందోళనలు చేశారు. ఈ పరిణామం మన అంశానికి ఎలా తగులుతుందన్నది ఆలోచించదగినది. కోట చూపించే కిరాయి ఎప్పుడో ఒకటి వస్తుంది. డ్రైవరుకు కథ తెలిసేది మాత్రం నిత్యం నడిచే షేర్ ఆటోలో. అక్కడ వెనుక సీటులోని ముసలమ్మ సవరిస్తుంది, పక్కన కూర్చున్న గీతకార్మికుడు మరొకటి చేరుస్తాడు. సందర్శకుడు వినేది ఒక వ్యక్తి జ్ఞాపకమని అనుకొంటాడు, నిజానికి అది ఒక బండెడు మంది ఏళ్లతరబడి సరిదిద్దిన పాఠం. షేర్ ఆటో పలచబడితే ఆ సరిదిద్దే చోటు కూడా పలచబడుతుంది. అప్పుడు ఫోను తెరమీది ఒకే పాఠం మిగులుతుంది.

కాబట్టి ఖిలాషాపురంపై మౌఖికాధారాలు సేకరించే పరిశోధకుడు కోట గుమ్మం దగ్గర రికార్డరు తీస్తే సరిపోదు. రఘునాథపల్లిలో బండి మాట్లాడుకొన్న క్షణం నుంచే సేకరణ మొదలుకావాలి. ఏ దారిన పోయారు, ఎక్కడ ఆగారు, ఏ ప్రశ్నకు ఏ జవాబు వచ్చింది, దారిలో ఎవరెక్కి ఏమన్నారు, ఎంతకు కుదిరింది, ఎంతసేపు ఆగడానికి ఒప్పుకొన్నారు అన్న వివరాలన్నీ కథ పక్కనే నమోదు కావాలి. అరగంట ఆగే కిరాయికి చెప్పిన పాపన్న కథ, పూట కిరాయికి చెప్పిన పాపన్న కథ ఒకటి కావు.